విప్పి చూసి, మళ్ళీ బిగించిన మనిషి - జి.డి. నాయుడు

కొత్త గడియారం ఇంటికి వస్తే టైము చూసేవాళ్లు కొందరు. వెనక మూత తీసి లోపల చక్రాలు ఎలా తిరుగుతున్నాయో చూడాలనుకునేవాళ్లు కొందరు. ఈ రెండో రకం వాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరైనా ఉంటారు. పాడైపోయిన రేడియో దొరికితే విప్పుతారు. అటక మీద తాతగారి కాలంనాటి రీలు కెమెరా కనిపిస్తే దుమ్ము తుడిచి, షటరు నొక్కి, ఆ టిక్కుమనే శబ్దం విని సంతోషపడతారు. నట్లు, బోల్టులు, చిల్లులున్న ఇనప పట్టీలు ఉండే ఆటపెట్టె ఇస్తే అన్నం కూడా మరిచిపోతారు. పనీపాటా లేనివాళ్లని పెద్దలు వాళ్లను కసురుకోవడం మామూలే. ఆ పనీపాటా లేని పనితోనే బతుకు మొదలుపెట్టి, చివరిదాకా దాన్ని వదలని ఒక తెలుగువాడి కథ ఇది.

ఆయన మన కోలారు వాడు కాదు. తమిళనాడులో కోయంబత్తూరు ఆయన ఊరు. అయినా మనకు బాగా దగ్గరివాడే. మనలో చాలామంది ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం, కేజీఎఫ్ వీధుల్లో తమిళం మాట్లాడుతూ పెరిగాం. విజయనగర రాజుల కాలంలోనూ, నాయక రాజుల కాలంలోనూ తమిళ దేశానికి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు కోయంబత్తూరు చుట్టుపక్కల చాలా ఉన్నాయి. వాళ్లూ అంతే. ఇంట్లో తెలుగు, బయట తమిళం. అలాంటి ఒక రైతు కుటుంబంలో 1893 మార్చి 23న కలంగల్ అనే పల్లెలో ఆయన పుట్టాడు. పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకం ఆయన్ని జి.డి. నాయుడు అని పిలుచుకుంది.

తల్లి చిన్నప్పుడే పోయింది. చదువు అబ్బలేదు. బడి అంటే గిట్టదు. పంతుళ్లతో పేచీలు. ప్రాథమిక చదువు దాటకుండానే బడికి నమస్కారం పెట్టేశాడు. పొలం పనుల్లోకి దిగాడు. అంతమాత్రాన బుర్ర ఖాళీగా లేదు. దొరికిన తమిళ పుస్తకాలు చదువుకునేవాడు. ఏ వస్తువు చూసినా అది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలన్న తపన మాత్రం లోపల మండుతూనే ఉండేది. పల్లెలో ఆ తపన తీర్చగలిగే వస్తువులే తక్కువ. నాగలి, మోట, ఎద్దుబండి, అంతే.

అలాంటి రోజుల్లో ఆ దారిన ఒక ఆంగ్ల అధికారి మోటారు సైకిలు మీద వెళ్లాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి దానంతట అదే పరిగెడుతోంది. మిగతా ఊరివాళ్లు నోరు తెరుచుకుని చూసి, సాయంత్రానికి మరిచిపోయి ఉంటారు. ఈ కుర్రవాడు మరిచిపోలేదు. అలాంటి బండి ఒకటి తనకు కావాలనుకున్నాడు. ఎక్కి తిరగడానికి మాత్రమే కాదు, లోపల ఏముందో చూడటానికి.

డబ్బులు లేవు. కోయంబత్తూరు వెళ్లి ఒక హోటల్లో సర్వరుగా చేరాడు. ఇడ్లీలు అందించాడు, బల్లలు తుడిచాడు. దాదాపు మూడేళ్లు అలా పైసా పైసా కూడబెట్టాడు. చేతిలో మూడు వందల రూపాయలు పడ్డాక ఆ మోటారు సైకిలు కొన్నాడు. అది ఇంగ్లండులో తయారైన రడ్జ్ కంపెనీ బండి. ఆ రోజుల్లో మూడు వందలంటే ఒక రైతు కుటుంబానికి ఎంత పెద్ద మొత్తమో మనం ఊహించుకోవచ్చు.

అంత కష్టపడి కొన్న బండిని ఇంటికి తెచ్చి ఆయన చేసిన పని ఏమిటో తెలుసా? విప్పేశాడు. ప్రతి మరా, ప్రతి గొట్టమూ, ప్రతి చక్రమూ ఊడదీశాడు. మళ్ళీ ఒక్కొక్కటిగా బిగించాడు. పెట్రోలూ గాలీ కలిసేది ఎక్కడ, నిప్పురవ్వ పుట్టేది ఎక్కడ, ఆ చిన్న పేలుడు చక్రాన్ని ఎలా తిప్పుతుంది అన్నది ఏ పుస్తకమూ చెప్పలేదు. మసి పట్టిన వేళ్లే చెప్పాయి. ఆ పనితోనే ఆయన మెకానిక్కు అయ్యాడు.

ఇక్కడ ఒక చిన్న పోలిక చెప్పుకోవాలి. ఇంగ్లండులో లివర్‌పూల్ నగరానికి చెందిన ఫ్రాంక్ హార్న్‌బీ అనే ఆయన తన పిల్లల కోసం చిల్లులున్న లోహపు పట్టీలతో ఒక ఆటవస్తువు తయారుచేశాడు. 1901లో దానికి పేటెంటు తీసుకున్నాడు. అదే తరువాత మెకానో పేరుతో లోకమంతా పాకింది. ఒకే పట్టీలతో ఈ రోజు వంతెన, రేపు క్రేను, ఎల్లుండి లారీ కట్టుకోవచ్చు. ఎన్నో దేశాల ఇంజనీర్లు చిన్నప్పుడు ఆ పెట్టెతో ఆడుకున్నవాళ్లే. హార్న్‌బీ పేటెంటు తీసుకున్న ఏడాది మన నాయుడు ఎనిమిదేళ్ల పిల్లవాడు. కలంగల్‌కి ఆ పెట్టె వచ్చే దారి లేదు. ఆయన ఆటపెట్టె కాస్త ఆలస్యంగా, మూడేళ్ల ఎంగిలి బల్లల ఖరీదుతో వచ్చింది. అదీ నిజమైన ఇంజనుతో వచ్చింది!

విప్పి బిగించడం అంటే మనకు చిన్న పనిలా కనిపిస్తుంది. అందులో ఎంత చదువుందో చేసి చూస్తే తెలుస్తుంది. ఏ మర ముందు ఊడదీశామో గుర్తుంచుకోవాలి, ఎందుకంటే బిగించేటప్పుడు అది చివర రావాలి. బలం ఎక్కువైతే మర అరిగిపోతుంది, తక్కువైతే వదులైపోతుంది. అంతా బిగించాక ఒక ముక్క మిగిలిపోయిందంటే ఎక్కడో తప్పు జరిగిందన్నమాట. మళ్ళీ మొదటికి రావాలి. ఓపిక, వరస, శ్రద్ధ. ఈ మూడూ నేర్పే బడి అది. బళ్లో పేచీలు పెట్టుకున్న పిల్లవాడు ఈ బడికి మాత్రం జీవితాంతం ఒక్కరోజు కూడా ఎగ్గొట్టలేదు.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో తిరుప్పూరులో పత్తి వ్యాపారంలోకి దిగాడు. పత్తి గింజలు తీసే మిల్లు నడిపి బాగా సంపాదించాడు. ఆ ఊపులో బొంబాయి వెళ్లి పెద్ద ఎత్తున వ్యాపారం చేయబోయి సంపాదించినదంతా పోగొట్టుకున్నాడు. వట్టి చేతులతో కోయంబత్తూరు తిరిగొచ్చాడు. అప్పుడు ఆదుకున్నవాడు ఆ ఊళ్లో పేరున్న ఆంగ్ల వ్యాపారి రాబర్ట్ స్టేన్స్. ఈ మనిషి చేతుల్లో ఏముందో ఆయన కనిపెట్టాడు. ఆయన సాయంతో నాయుడు ఒక బస్సు కొన్నాడు. 1920లో పొల్లాచ్చి నుంచి పళని దాకా ఆ బస్సు తిరగడం మొదలైంది. నడిపింది తనే. రిపేరు చేసుకున్నదీ తనే.

ఒక బస్సు పదైంది, పది ఇంకా పెరిగాయి. యూనివర్సల్ మోటార్ సర్వీస్ పేరుతో ఆయన కంపెనీ దక్షిణాదిలో పేరుమోసింది. యు.ఎం.ఎస్. బస్సు అంటే చెప్పిన టైముకి వస్తుందని జనానికి నమ్మకం కుదిరింది. బస్సు దారి మధ్యలో ఆగిపోవడం డ్రైవరు తలరాత కాదని, రాత్రి షెడ్డులో ఎవరో ఒక నట్టు సరిగ్గా బిగించకపోవడమేనని ఆయనకు తెలుసు. బస్సుల కంపెనీ యజమాని అయ్యాక కూడా ఇంజను కింద దూరడానికి ఆయన వెనకాడలేదు.

చేతిలో నాలుగు డబ్బులు ఆడేసరికి ఆయనకు ఇంకో మోజు పట్టుకుంది. అదే కెమెరా.

ఈ రోజు ఫోను తీసి నొక్కితే ఫొటో. నచ్చకపోతే తీసేసి ఇంకోటి. ఆ కాలంలో ఒక్క బొమ్మ తీయాలంటే ఎంత తతంగమో తెలిస్తేనే ఈయన మోజు ఎలాంటిదో అర్థమవుతుంది. ఫిలిం మీద వెండి లవణాల పూత ఉంటుంది. వెలుగు తగిలినచోట అది మారుతుంది. ఎంత వెలుగు, ఎంతసేపు తగలాలో కంటి అంచనాతో నిర్ణయించుకోవాలి. బొమ్మ వచ్చిందో లేదో అప్పుడే తెలియదు. చీకటి గదిలో మందునీళ్లలో కడిగాకే తెలుస్తుంది. కదిలే బొమ్మల కెమెరా అయితే ఇంకా కష్టం. అప్పట్లో ఇళ్లలో వాడే సినిమా కెమెరాలకు చాలావాటికి బ్యాటరీ లేదు. గడియారానికిచ్చినట్టు కీ ఇస్తే లోపలి స్ప్రింగు ఫిలింని లాగుతుంది. 16 మిల్లీమీటర్ల ఫిలిం వంద అడుగుల చుట్ట పెడితే, సెకనుకి 16 బొమ్మల చొప్పున నాలుగు నిమిషాలు దాటగానే అయిపోతుంది. ఆ నాలుగు నిమిషాల్లో ఏది తీయాలి, ఏది వదిలెయ్యాలి అన్నది ముందే మనసులో కూర్చుకోవాలి.

అన్నిటికంటే పెద్ద చిక్కు దూరం. ఎదురుగా ఉన్న మనిషి పది అడుగుల దూరంలో ఉన్నాడా, పదిహేను అడుగులా? ఆ కెమెరాల్లో చాలావాటికి కటకంలోంచి నేరుగా చూసే వీలుండదు. పక్కనున్న చిన్న కిటికీలోంచి చూడాలి. అందులో అంతా స్పష్టంగానే కనిపిస్తుంది. దూరం అంచనా వేసి, కటకం చుట్టూ ఉన్న పట్టీని ఆ అంకె దగ్గరికి తిప్పాలి. అంచనా తప్పితే బొమ్మ మసకబారుతుంది. ఆ సంగతి ఫిలిం కడిగేదాకా తెలియదు. మనిషి నడిచి వస్తుంటే దూరం క్షణక్షణం మారిపోతుంది. పెళ్ళో, ఊరేగింపో అయితే మళ్ళీ తీసుకోవడానికి ఉండదు కదా.

నాయుడు ఈ చిక్కుతో సరిపెట్టుకుని ఊరుకోలేదు. కెమెరాకి దూరం సరిచేసే ఒక పరికరాన్ని తనే తయారుచేశాడు. ఆయన కనిపెట్టిన వస్తువుల జాబితా చెప్పేటప్పుడు రేజరు, రేడియో, మోటారు అంటారు. నాకు మాత్రం ఈ చిన్న పరికరంలోనే ఆయన స్వభావమంతా కనిపిస్తుంది. సరదా కోసం కొన్న వస్తువు ఇబ్బంది పెడితే కంపెనీని తిట్టుకోవడం, లేదా ఇంకోటి కొనుక్కోవడం మన అలవాటు. ఆయనకు ఆ ఇబ్బందే కొత్త ఆట.

1936 జనవరిలో బ్రిటిష్ రాజు అయిదవ జార్జి చనిపోయాడు. లండన్‌లో జరిగిన ఆ అంత్యక్రియల ఊరేగింపుని నాయుడు స్వయంగా సినిమా కెమెరాతో తీశాడు. ఒక్కసారి ఆలోచించండి. కలంగల్ పొలాల్లోంచి వచ్చినవాడు, ప్రాథమిక బడి దాటనివాడు, మనల్ని ఏలుతున్న సామ్రాజ్యపు రాజధానిలో చలికాలపు వెలుతురులో కెమెరా పట్టుకుని నిలబడ్డాడు. మన దేశాన్ని ఆంగ్లేయులు కెమెరాల్లో బంధించుకుని తీసుకెళ్లడం అప్పటికి ఎన్నో ఏళ్లుగా జరుగుతున్న పని. ఇక్కడ కెమెరా ఈ వైపుకి తిరిగింది. ఏలేవాడి ఊరేగింపుని ఏలబడే దేశం నుంచి వచ్చిన మనిషి తన కళ్లతో, తన ఖర్చుతో తీసుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

మన దేశంలో గాంధీజీ, నెహ్రూ, సుభాస్ చంద్ర బోస్ కూడా ఆయన కెమెరాకి చిక్కారు. జర్మనీ వెళ్లినప్పుడు ఆయన హిట్లర్‌ని కూడా కలిశాడు. ఈ మాట చెప్పకుండా దాటెయ్యడం సరి కాదు. ఆ రోజుల్లో జర్మనీ యంత్రాల నాణ్యత చూసి ముచ్చటపడిన వాళ్లు లోకంలో చాలామంది. ఆ నేర్పు అంతా ఎలాంటి చేతుల్లో పడిందో, ఎన్ని లక్షల ప్రాణాలు తీసిందో తరువాతి ఏళ్లు చూపించాయి. యంత్రం ఎలా పనిచేస్తుందో విప్పితే తెలుస్తుంది. ఎవరి కోసం పనిచేస్తుందో తెలుసుకోవాలంటే ఇంకో రకం చూపు కావాలి. నాయుడు జీవితం చదివేటప్పుడు ఈ రెండూ మనం గుర్తుంచుకోవాలి.

మళ్ళీ ఆయన పనిశాలకి వద్దాం. 1930ల మొదట్లో నీలగిరి కొండల్లోని పైకారా నుంచి కోయంబత్తూరుకి కరెంటు వచ్చింది. ఊరి ముఖం మారిపోయింది. బట్టల మిల్లులు లేచాయి, బావుల దగ్గర పంపులు వచ్చాయి. కేజీఎఫ్ వాళ్లకు ఇది తెలిసిన కథే. 1902లో శివనసముద్రం జలపాతం నుంచి దాదాపు 150 కిలోమీటర్ల తీగల మీద కరెంటు నేరుగా మన గనులకే వచ్చింది. బెంగుళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది ఆ తరువాతే. కరెంటు వస్తే మోటార్లు కావాలి. ఆ మోటార్లు విదేశాల నుంచి దిగేవి. నాయుడికి అవి పెద్ద ఆటపెట్టెలు. డి. బాలసుందరం నాయుడితో కలిసి పనిచేసి, 1937లో కోయంబత్తూరు పక్కనున్న పీలమేడు పనిశాలలో స్వదేశీ విద్యుత్ మోటారుని తయారుచేసి చూపించాడు. కోయంబత్తూరు ఈ రోజు మోటార్లకీ పంపులకీ పెట్టింది పేరంటే ఆ మొదలు అక్కడే ఉంది.

ఆ తరువాత ఒకదాని వెనక ఒకటి. టార్చిలైటులో వేసే లాంటి పొడి బ్యాటరీలతో తిరిగే చిన్న మోటారు పెట్టి గడ్డం గీసుకునే రేజరు చేశాడు, దానికి రసాంట్ అని పేరు. బాగా పల్చటి బ్లేడు చేశాడు. పళ్లరసం తీసే యంత్రం చేశాడు. కరెంటు లేని ఇళ్ల కోసం కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను చేశాడు. మోసం చేయడానికి వీల్లేని ఓటింగు యంత్రం కూడా చేశాడు. మనం ఇప్పుడు బటను నొక్కి ఓటు వేస్తున్నాం కదా, ఆ ఆలోచన అన్నేళ్ల కిందటే ఆయన బల్ల మీద ఉంది. 1941లో, అయిదు వాల్వుల రేడియోని మన దేశంలోనే 70 రూపాయలకు తయారుచేసి ఇవ్వగలనని ప్రకటించాడు. రేడియో అంటే పెద్దింటి వస్తువుగా ఉన్న రోజులవి.

ఇక్కడిదాకా చదివితే అన్నీ విజయాలే అనిపిస్తుంది. అలా జరగలేదు. ఆయన చేతికి లొంగని మర ఒకటుంది. దాని పేరు కాగితం.

1952లో ఆయన పనిశాల నుంచి ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు బయటికొచ్చింది. ధర రెండు వేల రూపాయలు. మామూలు మనిషి కూడా కొనుక్కోగలిగే కారు. అప్పట్లో ఏ వస్తువు తయారుచేసి అమ్మాలన్నా ప్రభుత్వం లైసెన్సు కావాలి. ఆ లైసెన్సు రాలేదు. కారు అక్కడే ఆగిపోయింది. స్వాతంత్ర్యం వచ్చిన అయిదేళ్లకే ఇలా జరిగింది. అన్నీ అమర్చి, ఇంజను తిప్పి, రోడ్డు మీద నడిపి చూపించిన బండి ఒక సంతకం లేక నిలిచిపోతే ఆ మనిషికి ఎలా ఉండి ఉంటుందో చెప్పక్కర్లేదు.

రెండో దెబ్బ చదువు దగ్గర తగిలింది. బడి మానేసిన ఆయనకు చదువంటే కోపం లేదు. పిల్లలకు చేతిపనితో కూడిన చదువు చెప్పాలని ఆయన కోరిక. ఆయన ఇచ్చిన విరాళంతో, శ్రమతో కోయంబత్తూరులో ఒక పాలిటెక్నిక్కు, ఒక ఇంజనీరింగు కాలేజీ వెలిశాయి. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు వాటికి పెట్టారు. 1945లో ఆ కాలేజీకి ప్రిన్సిపాలు నాయుడే. డిగ్రీ లేని మనిషి ఇంజనీరింగు కాలేజీ ప్రిన్సిపాలు కావడం ఎక్కడైనా విన్నామా? నాలుగేళ్ల కోర్సు పిల్లల కాలాన్ని వృథా చేస్తోందని, అదే చదువు రెండేళ్లలో చెప్పొచ్చని ఆయన వాదించాడు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన ఆ పదవికి రాజీనామా ఇచ్చి వచ్చేశాడు. ఆ కాలేజీ తరువాత చోటు మారి ఇప్పటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది. పాత చోటుని కోయంబత్తూరు జనం ఇప్పటికీ హోప్స్ అనే పిలుస్తారు.

ఆయన వాదన సరైనదేనా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి మన కోలారు మనిషి ఒకాయన సాయం చేస్తాడు. నాయుడికి వ్యవసాయం మీద కూడా అదే మోజు. పోదనూరు తోటలో పత్తి, మొక్కజొన్న, బొప్పాయిల మీద ప్రయోగాలు చేసేవాడు.  ఆ తోట చూడటానికి వచ్చినవాళ్లలో సర్ సి.వి. రామన్ ఒకరు, సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇంకొకరు. విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ముద్దేనహళ్లి ఇప్పుడు చిక్కబళ్లాపురం జిల్లాలో ఉన్నా, అప్పట్లో మన కోలారు జిల్లాదే. ఆయన ఇంటిపేరు మోక్షగుండం ఆంధ్రప్రదేశ్‌లోని ఊరు. ఆయన పూర్వీకులు అక్కడి తెలుగువాళ్లే.

ఆ ఇద్దరినీ ఆ తోటలో పక్కపక్కన ఊహించుకోండి. విశ్వేశ్వరయ్యగారు బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో, తరువాత పూనాలో పద్ధతిగా చదివి, పరీక్షలు నెగ్గి, ఇంజనీరై, మైసూరు దివానైన మనిషి. ఆనకట్టకి ఎంత నీటి బరువు తగులుతుందో లెక్క కట్టకుండా ఒక్క రాయి కూడా పెట్టలేం. విప్పి చూసి నేర్చుకోవడానికి ఆనకట్ట మోటారు సైకిలు కాదు కదా. అలాంటి పనికి ఆ ఏళ్ల చదువు కావాల్సిందే. నాయుడుగారి రెండేళ్ల లెక్క అన్నిటికీ సరిపోదని నా అభిప్రాయం. కానీ నాలుగేళ్లు చదివి, ఒక్క మర కూడా చేత్తో తిప్పకుండా పట్టా పుచ్చుకునే చదువుని చూసి ఆయన కోప్పడటంలో న్యాయం ఉంది. పుస్తకం దారిలో వచ్చినాయన పనిశాల దారిలో వచ్చినాయన తోటని చూడటానికి అంతదూరం వెళ్లాడు. ఒకరి దారి ఇంకొకరికి చిన్నదిగా కనిపించలేదు.

మనం ఆడపిల్లలం కాబట్టి ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. నాయుడి కథలో హోటల్లో చేరడం, బండి విప్పడం, లండన్ వెళ్లడం అన్నీ మగవాడు కాబట్టి కుదిరాయి. అదే కలంగల్‌లో అదే తపనతో ఒక ఆడపిల్ల ఉండి ఉంటే? ఆ రోజుల్లోనే మద్రాసులో ఒక తెలుగు అమ్మాయి ఆ ప్రశ్నకు జవాబు ఇచ్చింది. అయ్యలసోమయాజుల లలిత. 1919లో పుట్టింది. పద్దెనిమిదేళ్లకే భర్త పోయాడు. చేతిలో పసిబిడ్డ. ఆమె తండ్రి గిండీ ఇంజనీరింగు కాలేజీలో ప్రొఫెసరు. ఆయన అండతో అదే కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివి, మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరైంది. పీలమేడులో మోటారు తయారైన కొన్నేళ్లకే గిండీలో ఆ మోటారు శాస్త్రం ఒక ఆడపిల్ల చదువుతోంది. ఆమెకు ఒక తలుపు తెరిచినవాళ్లు ఉన్నారు. ఎంతమందికి ఆ తలుపు తెరుచుకోలేదో ఎవరు లెక్క పెట్టారు?

జి.డి. నాయుడు 1974 జనవరి 4న కన్నుమూశాడు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన పేరుతో మ్యూజియం ఉంది. ఆయన కనిపెట్టిన వస్తువులు, దేశదేశాల నుంచి తెచ్చుకున్న యంత్రాలు అక్కడ ఉన్నాయి. మొత్తం కథకి మూలమైన ఆ రడ్జ్ మోటారు సైకిలుని కూడా భద్రంగా దాచారు. పక్కనే పాత కార్ల మ్యూజియం కూడా ఉంది. మన ఊళ్ల నుంచి రైల్లో వెళ్తే పెద్ద దూరమేమీ కాదు. శాఖ తరఫున ఎప్పుడైనా విహారయాత్ర అనుకుంటే ఈ పేరు కూడా రాసుకోవచ్చు.

వెళ్లేలోగా మన చుట్టూ కూడా ఒకసారి చూసుకుందాం. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అప్పటిదాకా ఛాంపియన్ రీఫ్‌లో, ఉరిగాంలో, మారికుప్పంలో రాత్రీ పగలూ యంత్రాలు తిరిగేవి. మూడు కిలోమీటర్ల లోతుకి మనుషుల్ని దించి, క్షేమంగా పైకి తెచ్చిన యంత్రాలవి. ఒక్క నట్టు వదులైతే ప్రాణాలు పోయే పని. ఆ యంత్రాలను విప్పి, శుభ్రం చేసి, బిగించినవాళ్లు మన తాతలు, మేనమామలు. వాళ్లలో చాలామందికి పట్టాలు లేవు. వాళ్ల స్పానర్లు, గేజీలు ఇంకా కొన్ని ఇళ్లల్లో పాత పెట్టెల్లో ఉన్నాయి. కొందరి ఇళ్లల్లో ఆ రోజుల్లో తీసుకున్న ఫొటోలు, ఫొటోలు తీసిన పెట్టె కెమెరాలు కూడా ఉన్నాయి. తుక్కు కొనేవాడు కిలో లెక్కన అడుగుతాడు. ఇచ్చెయ్యబోయే ముందు ఒకసారి మూత తీసి చూడండి. ఆ పని తెలిసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, పక్కన కూర్చుని ఏ మర ఎందుకో చెప్పించుకోండి. వాళ్లు పోయాక ఆ పుస్తకం ఏ లైబ్రరీలోనూ దొరకదు.

ఇంట్లో తమ్ముడికి స్క్రూడ్రైవరు ఇచ్చి మనకు గరిటె ఇస్తే, గరిటె పక్కన పెట్టమని నేను చెప్పను. మిక్సీ ఆగిపోయినప్పుడు, ప్లగ్గు తీసేసి, అడుగు మూత మనమే విప్పి చూద్దాం. మొదటిసారి ఒక మర మిగిలిపోవచ్చు. రెండోసారి మిగలదు.